మైనస్ గుండీ

ఇంట్ల మూడు రిమోట్లు.
టీవీది ఒకటి, కేబుల్ డబ్బాది ఒకటి,
తమ్ముడు కొత్తది కొనుక్కొని మాకిచ్చిన
పాత హోం థియేటర్‌ది ఇంకొకటి.
మూడిట్ల ఒక్కటీ సక్కగ లేదు.
ఒకదాని వీపుకు మూత లేదు, రబ్బరు బ్యాండే దాని బట్ట.
ఒకటి మంచం కోడుకు రెండు దెబ్బలు తింటెగాని మాటినదు.
టీవీదైతే నిరుడు పప్పుచారు గిన్నెల పడ్డది.

ఐతారం నాకు సెలవు.
మూడింటిని కవర్ల ఏసుకొని
బాదేపల్లిల బస్సెక్కి పాలమూరుల దిగి
గడియారం చౌరస్తా ఎనక గల్లీల
ఖలీల్ భాయ్ దుకాణం పట్టుకున్న.
అద్దం కింద వరుసగ పండుకున్నయి రిమోట్లు,
సర్కారు దవాఖాన్ల అప్పుడే పుట్టిన పిల్లల తీరు
ఒక్కోదాని కాలికి ఒక్కో చీటీ.

"నూటిర్వైది టీవీ ఒక్కటే నడుపుతది.
రెండు నూర్లది మూడింటిని నడుపుతది గాని
నంబర్లు కొట్టాలె, ఆ కాయితం పోతే కత ఒడిసినట్టే.
మూడు నూర్ల యాభైది మాత్రం
నేర్చుకుంటది."
రిమోటు నేర్చుకునుడేంది భాయ్, అన్న.

పాతదాన్ని, కొత్తదాన్ని
నుదురుకు నుదురు ఆనిచ్చి పండబెట్టిండు.
ఇటు ఒక గుండీ వొత్తె, అటు ఒక గుండీ వొత్తె.
"ఉత్త కంటికి కానరాదు" అని
నా ఫోన్ల కెమెరా తెరిపిచ్చిండు.
చూద్దును గద,
పాతదాని ముక్కు కొస మీద
వంకాయ పువ్వు రంగుల ఒక మిణుకు.
పప్పుచారుల మునిగి తేలిన పానం
ఇంకా ఏదో చెప్తనే ఉన్నది.

రెండు నూర్ల ఎనభై ఇస్త, అన్న.
ఆయన నవ్వుకుంట తల అడ్డంగ ఊపిండు.
ఒక్క రాత్రి ఓటీ ఎంతొస్తదో
నేను లోపల లెక్కేసుకుంటున్న.
గప్పుడు పాత టీవీ రిమోటును వెలుతురుకు పట్టి
బొటనవేలుతోని తడిమి, అడిగిండు:
"మీ ఇంట్ల పగటీలి ఎవరు పండుకుంటరు?"

నేనే.
పోలేపల్లి మందుల కంపెనీల నైటు. ఆరేండ్లాయె.
నీకెట్ల తెల్సు?

"ఎవలింటిది జూసినా ప్లస్సే అరుగుతది.
పోరగాళ్ళున్న ఇంట్ల అంకెలు అరుగుతయి.
నీదాంట్ల ప్లస్సు కొత్త పెండ్లికొడుకు లెక్కున్నది.
మైనస్ మీద గీతే లేదు, చూడు."

చూసిన.
గీత లేదు. రబ్బరు గుంట పడ్డది
జొన్నపిండి ముద్దల వేలు దిగినట్టు.
ఎవరి వేలు? శివలీలదా, బిడ్డదా?
కార్టూన్ల పిల్లి పోయి గోడకు అతుక్కున్నప్పుడు
మోక్షిత నోటికి చెయ్యడ్డం పెట్టుకొని నవ్విందా?
వంటల ప్రోగ్రాంల పోపు చిటపట
శివలీల కండ్లతోనే విన్నదా?
నేను మాత్రం కంపెనీ బస్సుల చెప్పుకుంట తిరిగిన,
నాది మొద్దు నిద్ర,
నెత్తి మీద డప్పు కొట్టినా లేవనని.

బేరం ఆడ్నే ఆగింది.
మూడు నూర్ల యాభై అద్దం మీద పెట్టిన.
"సెల్లు ఉత్తగనే ఇస్త తీ" అన్నడు ఖలీల్ భాయ్,
"మైనస్ గూడ నేర్పియ్యాల్నా?"
అడగకపోతే ఏం పోతుండె ఆ మాట.
నేర్పియ్యి, అన్న.
ప్లస్సు ముందుగాల నేర్పియ్యి.

ఇంటికొచ్చేసరికి మూడు దాటింది.
టీవీ స్విచ్చేసి పెట్టుకున్నరు, సౌండు మూడు మీదనే ఉన్నది.
బొమ్మలు ఉత్తగ పెదాలు కదుపుతున్నయి.
చెప్పులు గూడ ఇడువకుండ
కొత్తదాన్ని చాపి ప్లస్సు వొత్తిన.
ఏడు, పదకొండు, పందొమ్మిది, ఇరవై ఆరు.
హోం థియేటర్ డబ్బా గొంతు సవరించుకున్నది,
గూట్ల గిలాసలు గలగలమన్నయి.
మోక్షిత చెవులు మూసుకున్నది.
వంటింట్లకెల్లి శివలీల
తడి చేతులతోని ఉరికొచ్చి
టీవీ దిక్కు చూడలే,
గడపల నిలబడ్డ నా దిక్కు చూడలే,
నా మంచం దిక్కు చూసింది.